కుడిచేతికి తిమ్మిర్లా? మౌసు మీద ఒక కన్నేసి ఉంచండి!

రాత్రి రెండింటికి హఠాత్తుగా మెలకువ వస్తుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి, సూదులతో గుచ్చుతున్నట్టు జివజివలాడుతుంటాయి. చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడేసి నాలుగుసార్లు విదిలిస్తే కాస్త నెమ్మదిస్తుంది. మళ్ళీ నిద్ర పడుతుంది. తెల్లారి కాఫీ తాగేవేళకు ఆ సంగతే గుర్తుండదు. పదిహేను రోజులు ఇలా గడిచాక ఇంట్లో చెబితే "నరాల బలహీనత అయివుంటుందిరా, బలానికి ఇంజెక్షన్లు చేయించుకో" అంటారు పెద్దవాళ్ళు.

ఈ "నరాల బలహీనత" అన్న మాట మన తెలుగునాట ఎన్ని మందుల కొట్లను పోషించిందో లెక్కలేదు! చేతులు వణికినా అదే, నిద్రపట్టకపోయినా అదే, కుర్రాడికి పరీక్షలో మార్కులు తగ్గినా అదే. వాటిలో చాలాభాగం అసలు నరాల జబ్బులే కావు. పైన చెప్పిన మూడు వేళ్ళ తిమ్మిరి మాత్రం నిజంగా ఒక నరానికి సంబంధించినదే. దానికి కావలసింది బలం ఇంజెక్షను కాదు, కాస్త చోటు.

ఒకప్పుడు ఈ బాధతో వచ్చేవారిలో ఎక్కువమంది నడివయసు స్త్రీలు, గర్భిణులు, థైరాయిడ్ తక్కువైనవారు. వారు ఇప్పటికీ వస్తున్నారు. వారితోబాటు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు కూడా వరుసలో కూర్చుంటున్నారు. కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీ వెలిసింది 1977లో. ఆ తర్వాత బెజవాడ చుట్టూ ఎన్ని కాలేజీలు, ఎన్ని హాస్టళ్ళు! గన్నవరం దగ్గర కేసరపల్లిలో కంప్యూటరు కంపెనీల మేడలు లేచాయి. గుడివాడ నుంచీ, ఉయ్యూరు నుంచీ రోజూ బస్సెక్కి వచ్చి కంప్యూటరు ముందు కూర్చునేవారూ, పుస్తకాలు అచ్చుకు సిద్ధం చేసే డి.టి.పి. ఆపరేటర్లూ, ఇంట్లోనే కూర్చుని అమెరికా పనిచేసేవారూ అందరూ ఈ పాఠానికి అర్హులే. "రోజుకి ఎన్ని గంటలమ్మా పని?" అని అడిగితే పది, పన్నెండు అని ఠక్కున చెబుతారు. "అందులో మౌసు పట్టుకునేది ఎంతసేపు?" అంటే మాత్రం జవాబు రాదు. ఎవరూ లెక్కపెట్టుకోరు గనక.

తొమ్మిది లారీలు, ఒక సైకిలు

మీ అరచెయ్యి పైకి తిప్పి మణికట్టు వంక చూడండి. చర్మం కింద, మూడువైపులా ఎముకలు, పైన గట్టి పట్టీలాంటి బంధనం ఉన్న సన్నటి సొరంగం ఒకటుంది. వెడల్పు మీ బొటనవేలంత. అందులోంచి వేళ్ళను ముడిచే స్నాయువులు తొమ్మిది, మీడియన్ అనే నరం ఒకటి చేతిలోకి పోతున్నాయి. కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర ఇరుకు సందులో తొమ్మిది లారీల మధ్య ఒక సైకిలు వెళుతున్నట్టు ఊహించుకోండి. లారీలు ఏ కాస్త ఉబ్బినా నలిగేది సైకిలే. బొటనవేలికీ, చూపుడు, మధ్య వేళ్ళకూ, ఉంగరం వేలులో సగానికీ స్పర్శ ఇచ్చేది ఆ నరమే. చిటికెన వేలికి దానితో సంబంధం లేదు. అందుకే "ఏయే వేళ్ళు?" అని డాక్టరు అంత పట్టుగా అడిగేది.

మణికట్టును పైకి వంచినా, కిందికి మడిచినా ఆ సందులో ఒత్తిడి పెరుగుతుంది. తిన్నగా ఉంచితే తగ్గుతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే మిగతా వ్యాసంలో సగం మీరే ఊహించగలరు.

కంప్యూటరు వాడిన ప్రతివారికీ ఈ జబ్బు వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. 2003లో డెన్మార్కు దేశంలో దాదాపు 7 వేలమంది ఉద్యోగులను ఏడాదిపాటు గమనించి ఫలితాలు ప్రకటించారు. మీటలు కొట్టడానికీ ఈ తిమ్మిర్లకూ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. వారానికి 20 గంటలు దాటి మౌసు పట్టినవారిలో మాత్రం ముప్పు కొంచెం ఎక్కువగా కనిపించింది. కొంచెమే సుమా! మధుమేహం, థైరాయిడ్ లోపం, కీళ్ళవాతం, గర్భం, స్థూలకాయం ఇవన్నీ ఆ సందును ఇరుకుచేసేవే. అయినా మనం మార్చుకోగలిగింది ఏది? థైరాయిడ్‌కు మాత్ర వేసుకోవాలి. మౌసుకు మాత్రం మన అలవాటే మందు.

మౌసులో అంత దోషమేముంది?

చూడటానికి చిన్న వస్తువే. బండలెత్తే పని కాదు. వరినాట్లు వేసే ఆడకూలీ నడుముతో పోలిస్తే ఇదీ ఒక కష్టమేనా అనిపిస్తుంది. కానీ నాట్లు వేసే మనిషి అడుగు కదులుతుంది, నారుకట్ట అందుకుంటుంది, గట్టెక్కి నిలబడుతుంది, పక్కనున్నామెతో మాట్లాడుతుంది. మౌసు పట్టినవారి చెయ్యి గంటలకొద్దీ అలాగే బిగిసి ఉంటుంది. పైగా మామూలు కీబోర్డుకు కుడివైపు అంకెల మీటల గుంపు ఒకటి ఉండనే ఉంది. మౌసు దానికి అవతల! అందుకోవడానికి మోచెయ్యి ఒంటికి దూరం జరగాలి, భుజం కాస్త పైకి లేవాలి, మణికట్టు వెనక్కి వంగాలి. సాయంత్రానికి మెడ నుంచి భుజం దాకా పట్టేసినట్టుండటం అందుకే.

మౌసును కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో దానిని నలుగురికీ ప్రదర్శించినప్పుడు ఆయన కుడిచేతి కింద మౌసు ఉంటే, ఎడమచేతి కింద అయిదు మీటల చిన్న పెట్టె ఒకటి ఉంది. ఆజ్ఞలు ఇవ్వడానికి ఎడమచెయ్యి, చోటు చూపడానికి కుడిచెయ్యి. పనిని రెండు చేతులకూ పంచిన మనిషి ఆయన. లోకం ఆ పెట్టెను మరిచిపోయి మౌసును ఒక్కదాన్నే ఇంటికి తెచ్చుకుంది!

మర్చిపోయిన ఆ పెట్టె పనిని ఇవాళ చేసిపెట్టేవే కీబోర్డులోని అడ్డదారి మీటలు. కంట్రోల్ పట్టుకుని సి కొడితే నకలు, వి కొడితే అతికింపు, జడ్ కొడితే చేసిన తప్పు రద్దు. ఇవి తెలియనివారు లేరు. 1970లలో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో ఈ కత్తిరించి అతికించే పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ల్యారీ టెస్లర్ ఒకరు. 2020లో ఆయన పోయినప్పుడు పేపర్లన్నీ రాశాయి. అయితే చాలామంది విద్య ఆ మూడు మీటల దగ్గరే ఆగిపోతుంది. తర్వాతి పదికీ చెయ్యి మౌసు వైపే పరుగెడుతుంది.

తేలికపాటి ఎడిటరు ఎందుకు మేలు?

కోడ్ రాసేవారు వాడే ఎడిటర్లలో రాక్షసాకారం గలవి కొన్ని. తెరుచుకోవడానికే టీ తాగి రావచ్చు. నాన్నగారు అప్పుచేసి కొనిచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో అవి మరీ ఈసురోమంటాయి. చక్రం తిరుగుతున్నంతసేపూ కుర్రాడు మౌసును పీక పిసికినట్టు పట్టుకుని, పళ్ళు బిగించి కూర్చుంటాడు. ఆ బిగింపు కూడా చేతికి శ్రమే.

తేలికపాటివి కొట్టగానే తెరుచుకుంటాయి, మీట కొట్టగానే పలుకుతాయి. డాన్ హో అనే ఆయన 2003లో విడుదలచేసిన నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఉచితంగా దొరుకుతుంది. 2008లో వచ్చిన సబ్లైమ్ టెక్స్ట్ ఉంది. 2015లో మైక్రోసాఫ్ట్ వారు తెచ్చిన వి.ఎస్. కోడ్ మరీ తేలిక అని నేననను గాని, ఇప్పుడు ఎక్కువమంది పిల్లల చేతుల్లో ఉన్నది అదే. అసలు మౌసే అవసరంలేని విమ్ ఉంది. 1991లో బ్రామ్ మూలినార్ దాన్ని విడుదల చేశాడు. దాని తాత వి.ఐ.ని బిల్ జాయ్ 1976లో రాశాడు.

ఇక్కడ ఒక చిన్న కథ చెప్పక తప్పదు. బిల్ జాయ్ కూర్చున్న యంత్రం ఎ.డి.ఎం. 3ఎ అనే టెర్మినల్. అందులో హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే బాణం గుర్తులు ముద్రించి ఉండేవి. అందుకే విమ్‌లో నేటికీ ఆ నాలుగు మీటలతోనే అటూ ఇటూ కదులుతారు. చెయ్యి ఉన్నచోటు నుంచి లేవనక్కర్లేదు. బాగానే ఉంది. మరి విమ్‌లో మాటిమాటికీ కొట్టవలసిన ఎస్కేప్ మీట? ఆ యంత్రంలో అది క్యూ పక్కనే, ఇప్పుడు ట్యాబ్ ఉన్నచోట ఉండేది. కంట్రోల్ మీట ఇప్పటి క్యాప్స్ లాక్ చోట ఉండేది. తర్వాత వచ్చిన కీబోర్డుల్లో ఒకటి మూలకు పోయింది, ఇంకొకటి అట్టడుగుకు పోయింది. ప్రోగ్రాములు మారలేదు. సాగవలసివచ్చింది మన చిటికెన వేలు!

కాబట్టి అడ్డదారి మీటలు నేర్చుకోండి అని చెప్పి ఊరుకుంటే వైద్యుడిగా నా పని సగమే అయినట్టు. అమెరికాలో ఈమాక్స్ అనే మరో ఎడిటరు వాడేవారికి "ఈమాక్స్ చిటికెన వేలు" అని ఒక బాధే పేరుబడింది. ఎడమ చిటికెన వేలితో కంట్రోల్‌ను అదిమిపట్టి, అదే చేతి మిగతా వేళ్ళను విప్పార్చి రోజంతా కొడితే రాక ఏమవుతుంది?

టైపు మేష్టారి సూత్రం

దీనికి మందు మన ఊళ్ళల్లోనే ఉంది. బందరులో, తెనాలిలో, గవర్నరుపేటలో ఒకప్పుడు వీధికొక టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. పదోతరగతి పరీక్ష రాసిన మర్నాడే పిల్లల్ని అక్కడ చేర్చేవారు. ఏ ఎస్ డి ఎఫ్ అంటూ మొదలుపెట్టి, నిమిషానికి 30 మాటలకు లోయరు, 45 మాటలకు హయ్యరు. అక్కడ మేష్టారు మొదటి నెలలోనే చెప్పే సూత్రం ఒకటుంది. పెద్ద అక్షరం ఎడమచేతిదైతే షిఫ్టు కుడిచేత్తో నొక్కాలి, కుడిచేతిదైతే ఎడమచేత్తో. ఒకే చేత్తో రెండూ నొక్కితే స్కేలుదెబ్బే.

మీ అమ్మగారో, బాబాయిగారో టైపు పాసయినవారైతే అడగండి, చెబుతారు. ఆ సూత్రాన్నే కంట్రోల్‌కూ, ఆల్ట్‌కూ పాటించండి. కంట్రోల్ సి కొట్టాలా? సి ఎడమచేతి అక్షరం. కుడివైపున్న కంట్రోల్‌ను కుడిచేత్తో నొక్కండి. మొదటి వారం నత్తనడకే, విసుగొస్తుంది. మూడోవారానికి చెయ్యి తానే పోతుంది. కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో కుడి కంట్రోల్ ఉండనే ఉండదు. అలాంటప్పుడు క్యాప్స్ లాక్‌నే కంట్రోల్‌గా మార్చుకోవచ్చు. ఆఫీసులో కంప్యూటర్లు చూసే కుర్రాడిని అడిగితే పదినిమిషాల పని. క్యాప్స్ లాక్ పోయినందుకు బాధపడినవారిని నేనింతవరకూ చూడలేదు.

తెలుగు టైపు చేసేవారికి ఒక మాట. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో గుణింతాలు ఎడమచేతికీ, హల్లులు ఎక్కువగా కుడిచేతికీ పంచి ఉంటాయి. చేతులు వంతులవారీగా పనిచేస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు దీనివైపు మొగ్గితే మణికట్టుకు మంచిదని నా అభిప్రాయం.

ఏవి నేర్చుకోవాలి?

నూరు మీటల పట్టిక అచ్చువేయించి గోడకు అంటించుకునేవారిని చూశాను. పంచాంగంలా అది గోడమీదే ఉంటుంది, చేతికి రాదు. దాని బదులు ఒకరోజు గమనించండి. మీ కుడిచెయ్యి దేనికోసం ఎక్కువగా మౌసు దగ్గరికి పోతోంది? ఆ ఒక్కదానికి మీట నేర్చుకోండి. వారానికి ఒకటి, మహా అయితే రెండు.

చాలామందికి ఆ మొదటిది మాటల మధ్య కదలడమే. బాణం మీటను పట్టుకుని నొక్కుతూ ఉండకండి, కంట్రోల్‌తో కలిపి బాణం కొడితే మాట మాటనే దాటుతుంది. షిఫ్టు కూడా కలిపితే మాటలు ఎంపికవుతాయి. హోమ్, ఎండ్ మీటలు పంక్తి మొదటికీ చివరికీ తీసుకెళతాయి. ఇవి చాలా ఎడిటర్లలో పనిచేస్తాయి. తర్వాత వెతకడానికి కంట్రోల్ ఎఫ్, ఫలానా నంబరు పంక్తికి దూకడానికి కంట్రోల్ జి. పంక్తిని పైకీ కిందికీ జరపడానికి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోనూ, సబ్లైమ్‌లోనూ కంట్రోల్, షిఫ్టులతో బాణం, వి.ఎస్. కోడ్‌లో ఆల్ట్‌తో బాణం. ఫైలు పేరు కొట్టి తెరవడానికి సబ్లైమ్‌లో, వి.ఎస్. కోడ్‌లో కంట్రోల్ పి. ఈ చివరిదొక్కటీ వస్తే పక్కనున్న ఫైళ్ళ జాబితాలో మౌసుతో దేవులాడే బాధ చాలావరకు తప్పుతుంది.

ఒక హెచ్చరిక. కంట్రోల్ డి కొడితే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో పంక్తికి నకలు పుడుతుంది. మిగతా రెండింటిలో అదే మాట ఇంకెక్కడుందో అక్కడ ఎంపికవుతుంది. ఊరు మారితే బస్సు నంబరు మారినట్టే! అందుకని రెండుమూడు ఎడిటర్ల మధ్య దూకకుండా ఒకదానికి కట్టుబడండి. చెయ్యి చాచవలసివచ్చే మీటలేవైనా ఉంటే వాటిని మీకు అనువైనచోటికి మార్చుకునే వీలు అన్నింటిలోనూ ఉంది. మూడు మీటలు ఒకేసారి నొక్కాల్సిన ఆజ్ఞ రోజుకి వందసార్లు వాడుతుంటే దాన్ని మార్చి తీరాలి.

ఇంకొక ప్రమాదం గురించి ఎవరూ చెప్పరు. మీటలు చేతికొచ్చాక పని వేగంగా సాగుతుంది. వేగంగా సాగితే తొందరగా ఇంటికి పంపుతారా? ఇంకో పని నెత్తిన పెడతారు! మౌసు కోసం చెయ్యి చాపినప్పుడల్లా దొరికే ఆ అరక్షణం విరామం కూడా పోయి, వేళ్ళు గంటలకొద్దీ ఊపిరాడకుండా కొడుతూనే ఉంటాయి. అప్పుడు మౌసు జబ్బు పోయి కీబోర్డు జబ్బు పట్టుకుంటుంది. అరగంటకోసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని రెండు నిమిషాలు కూర్చోండి, లేకపోతే లేచి మంచినీళ్ళు తెచ్చుకోండి. సీసా బల్లమీదే పెట్టుకోకండి. మంచినీళ్ళకు లేవడమే సగం వైద్యం.

బల్ల, కుర్చీ సంగతి క్లుప్తంగా. మోచేతులు ఒంటికి దగ్గరగా, లంబకోణానికి అటూ ఇటూగా ఉండాలి. కీబోర్డు వెనకవైపు చిన్న కాళ్ళుంటాయి, వాటిని మడిచేయండి. అవి లేస్తే మీ మణికట్టు కూడా లేస్తుంది. కొట్టేటప్పుడు మణికట్టును బల్ల అంచుకు ఆనించవద్దు. హాస్టల్లో మంచంమీద బోర్లా పడుకుని ల్యాప్‌టాప్ కొట్టే పద్ధతి మెడకూ, మణికట్టుకూ కూడా చేటే. అంకెల మీటలు లేని చిన్న కీబోర్డు దొరికితే మౌసు జానెడు దగ్గరికి వస్తుంది. అంకెల పని లేనివారికి అది మంచి బేరం.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. రెండు చేతుల వెనకభాగాలను ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు కిందికి వచ్చేలా మణికట్లు మడిచి ఒక నిమిషం ఉంచండి. ఆ మూడు వేళ్ళలో తిమ్మిరి మొదలైతే అనుమానించవలసిందే. ఇది ఒక సూచన మాత్రమే, తీర్పు కాదు. తిమ్మిరి చిటికెన వేలికైతే మోచేతి దగ్గర వేరే నరం నలుగుతూ ఉండవచ్చు. మోచెయ్యి బల్ల అంచుకు ఆనించే అలవాటుందేమో చూసుకోండి. బొటనవేలి మొదట్లో నొప్పయితే అక్కడి స్నాయువుల వాపు కావచ్చు, మౌసుతోపాటు ఫోనుమీద బొటనవేలితో కొట్టేవారికి కూడా ఇది వస్తుంది. మెడ తిప్పినప్పుడు చేతిలోకి జిల్లుమంటే మెడ ఎముకలు చూపించుకోవాలి. రెండు పాదాలకూ తిమ్మిర్లుంటే చక్కెర, బి-12 పరీక్షలు అవసరం.

తిమ్మిరి పగలు కూడా వదలకపోయినా, చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా ఇక ఆలస్యం చేయకండి. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేలి కింద ఎత్తుగా ఉండే కండను పోల్చి చూడండి. ఒకవైపు అది పల్లంగా దిగిపోయిందంటే నరం చాలాకాలంగా నలుగుతోందన్నమాట. ఆ కండ కరిగిపోయాక ఆపరేషను చేసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఇరవై అయిదేళ్ళ వయసులో, చేతులే జీవనాధారమైనవారు "ప్రాజెక్టు అయ్యాక చూపించుకుందాంలే" అని ఆర్నెల్లు వాయిదా వేస్తారు. భయపడవలసింది ఆ వాయిదాకే.

మొదటి దశలో వైద్యం సులువు. రాత్రిపూట మణికట్టును తిన్నగా నిలిపే పట్టీ కొన్నివారాలు కట్టుకుంటే చాలామందికి గుణం కనిపిస్తుంది. సాగే గుడ్డను బిగించి చుట్టుకోవడం మాత్రం ఇరుకును ఇంకా ఇరుకు చేసుకోవడమే. థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించాలి. అవసరమైతే నరంలో విద్యుత్తు ఎంత వేగంగా పోతోందో కొలిచే పరీక్ష చేస్తారు. స్టెరాయిడ్ ఇంజెక్షను కొందరికి కొన్నాళ్ళు ఉపశమనమిస్తుంది, అది తెలిసిన చేతులతోనే జరగాలి. వీటికి లొంగకపోతే సొరంగం పైకప్పయిన ఆ పట్టీని కోసి నరానికి చోటిచ్చే చిన్న ఆపరేషను ఉంది. సాధారణంగా చెయ్యి వరకే మత్తిచ్చి చేస్తారు. పది, పధ్నాలుగు రోజులకు కుట్లు తీస్తారు.

చివరగా తరచు వచ్చే ప్రశ్న: "కుడిచెయ్యి నొప్పిగా ఉంది, మౌసు ఎడమచేతికి మార్చుకోమంటారా?" కొద్దిరోజుల ఉపశమనానికి మార్చుకోండి. అయితే ఇటలీ వైద్యుడు రామజ్జీని తన వృత్తివ్యాధుల గ్రంథంలో 300 సంవత్సరాల కిందటే ఒక దస్తావేజుల లేఖరి సంగతి రాశాడు. ఎడతెగని రాతతో అతని కుడిచెయ్యి పడిపోయింది. పట్టుబట్టి ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. కొంతకాలానికి ఆ చేతికి కూడా అదే బాధ వచ్చింది. కనుక ఎడమచేతికి మార్చినా, అందులో సగం పని మీటలకు అప్పగించాకే మార్చండి.